సికింద్రాబాద్: అడవి దారులకు తలవాకిలి

సికింద్రాబాద్ హైదరాబాద్‌కు జంట నగరంగా అందరికీ తెలుసు. దక్కను అడవులకు అది తలవాకిలి అన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలో లేదు. ఉత్తరాన కవ్వాల్, దానికి ఆవల మహారాష్ట్రలోని తడోబా, తూర్పున పాకాల, ఏటూరునాగారం, దక్షిణాన కృష్ణ లోయను ఆనుకొని అమ్రాబాద్. దూరప్రాంతాల నుంచి ఈ అడవులు చూడవచ్చేవారిలో చాలామంది రైలు దిగేది ఇక్కడే, మళ్ళీ ఎక్కేదీ ఇక్కడే. తూర్పు ఆఫ్రికాలో మసాయి మారాకు నైరోబీ, సెరెంగెటీకి అరూషా ఎలాగో తెలంగాణ అడవులకు ఈ ఊరు అలాగ. అలాంటి ఊళ్ళన్నిటికీ ఒకే రకమైన అన్యాయం జరుగుతుంది. ప్రయాణికుడు వాటిని వెయిటింగ్ హాలుగానే చూస్తాడు. సామాను దింపి, ఒక రాత్రి నిద్రపోయి, తెల్లవారకముందే అడవి దారి పడతాడు. ఈ వ్యాసం వాదించేది దీనికి విరుద్ధంగా. ఐదారు రోజులు చేతిలో ఉన్నవారు మొదటి రెండు రోజులూ సికింద్రాబాద్‌కే కేటాయించాలి, మిగిలిన రోజులు ఒక్క అడవికే ఇవ్వాలి. ఊరిని చూడకుండా అడవికి వెళ్ళినవారికి అక్కడ కనిపించేదానిలో సగం అర్థం కాదు.

రెండు మాటల చరిత్రతో మొదలుపెడితే విషయం తేటపడుతుంది. ‘సఫారీ’ అంటే స్వాహిలీలో ప్రయాణం, అంతే. అరబ్బీ ‘సఫర్’ నుంచి ఆ భాషలోకి వెళ్ళింది. ఆ ‘సఫరే’ ఉర్దూ ద్వారా మన జంట నగరాల వీధుల్లోనూ వినిపిస్తుంది. తెల్ల వేటగాళ్ళ చేతుల్లో పడ్డాక సఫారీకి తుపాకీ తోడైంది. కెన్యా 1977లో వేటను నిషేధించాక ఆ తుపాకీ పోయి కెమెరా వచ్చింది. ‘షికారు’ నడక ఇందుకు ఎదురుగా సాగింది. ఫారసీలో అది వేట. నిజాం రాజ్యంలో దొరలూ, జాగీర్దార్లూ, దండు అధికారులూ షికారుకు వెళ్ళడమంటే పులిని కొట్టడానికి వెళ్ళడమే. తెలుగువాడి నోట్లో పడి నలిగేసరికి షికారు సాయంత్రం పూట సరదాగా తిరిగి రావడమైంది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం రాకముందే మన భాష ఆ మాట చేతిలోంచి తుపాకీ తీసేసింది. సికింద్రాబాద్ ఈ రెండు అర్థాలనూ చూసిన ఊరు.

1798లో నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాక హుస్సేన్‌సాగర్‌కు ఈశాన్యంగా, బయలు నేల మీద, కంపెనీ దండు డేరాలు వేసింది. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద ఆ దండుకు సికింద్రాబాద్ అని పేరు వచ్చింది. జనం మాత్రం లష్కర్ అన్నారు, ఇప్పటికీ అంటున్నారు. 1874లో వాడి జంక్షన్ నుంచి రైలు వచ్చింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి ఇక్కడే కేంద్రం పెట్టుకుంది. నైరోబీ పుట్టుక కూడా ఇంచుమించు ఇలాంటిదే. మసాయి తెగవారు చల్లని నీళ్ళ చోటు అని పిలుచుకున్న చిత్తడి నేలలో 1899లో యుగాండా రైల్వేవారు సామాన్ల డిపో పెట్టారు, అదే ఊరైంది. ఆ రైలు కట్ట వేసినవారిలో ముప్ఫై వేల మందికి పైగా మన దేశం నుంచి, ఎక్కువగా పంజాబు నుంచి, తీసుకెళ్ళిన కూలీలు. ఒకటి దండు కోసం, మరొకటి రైలు కోసం పుట్టిన ఊళ్ళు. రెండూ చుట్టుపక్కల నేలను అవసరానికి వాడుకోవడానికి వెలిసినవే. అడవి నుంచి కలప, బొగ్గు, వెదురు, వేట వినోదం, అన్నీ ఇలాంటి ఊళ్ళకే చేరేవి. అందువల్ల గేటు దగ్గర జీపెక్కిన క్షణం నుంచే అడవి కథ మొదలవుతుందనుకోవడం పొరపాటు. ఆ కథలో మొదటి అధ్యాయం స్టేషన్ బయటే ఉంది.

ఇందుకు బేగంపేటలోని ఒక పాత భవనాన్ని మించిన నిదర్శనం లేదు. 1897 ఆగస్టు 20న సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ అక్కడే దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని గుర్తించాడు. జ్వరంతో ఉన్న హుస్సేన్‌ఖాన్ అనే రోగిని కుట్టిన ఒక్కో దోమకూ ఒక్కో అణా చొప్పున చెల్లించాడు. ఉక్కపోతలో పంకా ఊపించుకుంటే దోమలు ఎగిరిపోతాయని అది లేకుండానే కూర్చున్నాడు. నుదుటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. ఆ కృషికి 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. దీనికీ అడవి యాత్రకూ సంబంధమేమిటని అడగవచ్చు. మన్యం జ్వరం మన అడవులకు శతాబ్దాల పాటు కాపలా కాసింది. మైదానం మనిషిని లోపలికి రానివ్వకుండా ఆపినది పులికన్నా ఎక్కువగా దోమే. ఆ కాపలా గుట్టు విప్పినది ఈ ఊళ్ళోనే. ఇవాళ నైరోబీ విమానం ఎక్కేవారికి వైద్యులు మలేరియా మాత్రలు రాసివ్వడం వెనకా, కవ్వాల్ గెస్ట్‌హౌస్ మంచానికి దోమతెర కట్టడం వెనకా ఉన్న జ్ఞానం బేగంపేట నుంచి బయల్దేరిందే. రాస్ భవనం చూసి వెళ్ళిన యాత్రికుడు దోమతెరను కూడా గౌరవంగా చూస్తాడు.

రెండో నిదర్శనం ప్రాణంతో ఉంది. చుక్కల మూషిక జింక మన అడవుల్లోకెల్లా చిన్న గిట్టల జంతువు. ఎత్తు జానెడుకు కాస్త పైన, బరువు మూడు కిలోల దాకా. కొమ్ములుండవు. మగదానికి పైదవడ నుంచి సన్నని కోరలు కిందికి దిగి ఉంటాయి. గోధుమరంగు ఒంటి మీద తెల్లని చుక్కలు వరుసలు కట్టి చారలుగా మారతాయి. రాత్రిపూట తిరుగుతుంది, అలికిడైతే బిగుసుకుపోయి ఎండుటాకుల్లో కలిసిపోతుంది. అడవిలో దాన్ని చూడటం దాదాపు అసాధ్యం. అది అంతరించకుండా కాపాడే పని హైదరాబాద్‌లోని నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో, జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తల సాయంతో, 2010లో మొదలైంది. అక్కడ పుట్టి పెరిగిన మూషిక జింకలను 2017 నుంచి అమ్రాబాద్ అడవిలో వదులుతున్నారు. అంటే ఆ అడవిలోని ఒక జంతువు ఊరి నుంచి వెళ్ళింది. ‘జూ చూడటానికి ఇంత దూరం రావాలా’ అనే విసుగుకు ఇది సమాధానం. 1963లో తెరిచిన ఆ జూను పిల్లల వినోదంగా కాక అడవికి పురిటిల్లుగా చూస్తే ఒక పూట అక్కడ గడపడం వృథా కాదు.

మౌలాలి గుట్ట సంగతి కూడా చెప్పుకోవాలి. సెరెంగెటీ మైదానంలో గడ్డి సముద్రం మధ్య గుండ్రటి రాతి గుట్టలు ద్వీపాల్లా లేస్తాయి. సింహాలు వాటి మీద ఎండ కాచుకుంటాయి, గైడ్లు వాటిని ప్రత్యేకంగా చూపిస్తారు. అవి అతి ప్రాచీనమైన గ్రానైటు రాళ్ళు. మట్టి కొట్టుకుపోయి రాయి మిగిలిపోవడం వల్ల ఏర్పడ్డాయి. మౌలాలి గుట్టా ఆ తీరుదే. సికింద్రాబాద్ స్టేషన్‌కు కొన్ని కిలోమీటర్ల దూరంలో, మెట్లెక్కి దర్గా చేరితే, రెండు వందల కోట్ల ఏళ్ళకు పైబడిన బండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపిస్తాయి. ఈ రాయి స్వభావం తెలిస్తే తెలంగాణలో చెరువులు ఎందుకు అన్ని ఉన్నాయో, అమ్రాబాద్ పీఠభూమి మీద నీటి మడుగుల కోసం జంతువులు ఎండాకాలంలో ఎందుకు అంత దూరం నడుస్తాయో తెలుస్తుంది. రాయి నీళ్ళను తాగదు. వాన జారిపోతుంది, దాన్ని ఎక్కడో ఒకచోట ఆపాలి. అడవిలో జంతువును చూడాలంటే నీళ్ళెక్కడున్నాయో చూడమని గైడ్లు చెప్పే మొదటి పాఠం మౌలాలి మీద నుంచే కళ్ళకు కడుతుంది.

ఇక దారుల లెక్క. ఇక్కడ ఊరి భౌగోళిక స్థానాన్ని పట్టించుకోని ప్రణాళిక బెడిసికొడుతుంది. ఉత్తర అడవులకు సికింద్రాబాద్ నిజమైన వాకిలి. కాజీపేట మీదుగా బల్లార్షా వెళ్ళే రైలు మార్గం మీదే మంచిర్యాల ఉంది. అక్కడ దిగి రోడ్డు మీద జన్నారం చేరితే కవ్వాల్ పులుల అభయారణ్యం. అదే రైల్లో ముందుకు పోతే చంద్రపూర్, అక్కడి నుంచి తడోబా. జూబ్లీ బస్ స్టేషన్ నుంచి కరీంనగర్, మంచిర్యాల, నిర్మల్ వైపు బస్సులు విరివిగా ఉంటాయి. అమ్రాబాద్ సంగతి వేరు. అది దక్షిణాన, శ్రీశైలం రోడ్డు మీద ఉంది. సికింద్రాబాద్‌లో బస చేసినవారు అటు వెళ్ళాలంటే ముందు నగరమంతా దాటాలి. అడవి గుండా పోయే రోడ్డును మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు కాబట్టి సాయంత్రం ఆలస్యంగా బయల్దేరడం తెలివైన పని కాదు. అమ్రాబాద్ వెళ్ళదలచినవారు చివరి రాత్రి నగరానికి దక్షిణపు అంచున ఉండటమో, తెల్లవారుజామునే కదలడమో మేలు. ఈ విషయంలో సికింద్రాబాద్ పక్షాన వాదించడం నిజాయితీ కాదు. ఇదే కారణం వల్ల కవ్వాల్, అమ్రాబాద్ రెండింటినీ ఒకే యాత్రలో ఇరికించడమూ సరికాదు. ఒకటి గోదావరి పక్క, ఇంకొకటి కృష్ణ పక్క. రెండూ చూడబోతే ఎక్కువ సమయం చూసేది తార్రోడ్డునే.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఎదురవుతుంది. పులి కనిపించేది తడోబాలో. 2022 గణన ప్రకారం తెలంగాణలో పులులు 21, మహారాష్ట్రలో 444. అలాంటప్పుడు సికింద్రాబాద్‌లో రెండు రోజులు, కవ్వాల్‌లో మూడు రోజులు ఎందుకు? తిన్నగా తడోబాకు పోతే సరిపోదా? పులిని చూడటం ఒక్కటే కోరికైతే సరిపోతుంది. ఆ కోరికను తక్కువ చేయాల్సిన పని లేదు. అయితే ఆ రెండు అంకెలను విడివిడిగా చూస్తే అసలు సంగతి చేజారుతుంది. తడోబాలో పెరిగి, సొంత చోటు వెతుక్కుంటూ బయల్దేరిన లేత వయసు పులులు నదులు దాటి కాగజ్‌నగర్ అడవుల గుండా తెలంగాణలోకి వస్తున్నాయి. వాటికి దారి మధ్యలో ఎదురయ్యేవి పత్తి చేలు, ఊళ్ళు, బొగ్గు గనులు, ఇంకా పైన చెప్పిన ఆ రైలు మార్గమే. కాజీపేట–బల్లార్షా లైను 1929 నాటికి పూర్తయి దిల్లీని మద్రాసుతో కలిపింది. దాని పక్కనే కాగజ్‌నగర్‌లో సిర్పూరు కాగితపు మిల్లు లేచి అడవి వెదురును గుజ్జు చేసింది. సికింద్రాబాద్ స్టేషన్ నుంచి యాత్రికుణ్ణి అడవికి చేర్చే పట్టాలే పులి దారికి అడ్డం పడుతున్నాయి. ఇది కవ్వాల్‌లోనే అర్థమవుతుంది. పులి నిండుగా ఉన్నచోట అడవి ఎలా ఉంటుందో తడోబా చూపిస్తుంది, పులి తిరిగి రావాలంటే ఏమేం కావాలో కవ్వాల్ చూపిస్తుంది. రెండోదాన్ని చూడటానికి ఎక్కువ ఓపిక కావాలి. టేకు చెట్ల కింద కూర్చుని ఒక పూటంతా గడిపినా దుప్పులు, అడవిదున్న, నెమళ్ళు తప్ప ఏమీ కనిపించకపోవచ్చు. ఆ సంగతి ముందే తెలిసి వెళ్ళినవారు నిరాశపడరు.

అడవి అంటే జంతువులే అనుకోవడం ఇంకా పెద్ద లోపం. సఫారీ ప్రచారమంతా మనిషి లేని అడవిని అమ్ముతుంది. తూర్పు ఆఫ్రికాలో మసాయిలను సెరెంగెటీ నుంచి ఖాళీ చేయించాకే ఆ నిర్జనమైన మైదానం తయారైంది. మన అడవుల్లో మనుషులున్నారు. అమ్రాబాద్‌లో పెంటలనే చెంచు పల్లెలు, కవ్వాల్ చుట్టూ గోండు, కోలాం, నాయకపోడు గూడేలు. 1940లో జోడేఘాట్ దగ్గర గోండు నాయకుడు కుమ్రం భీం నిజాం పోలీసుల తుపాకులకు బలయ్యాడు. పోరాటం భూమి కోసం, అడవి మీద హక్కు కోసం. అదే సంవత్సరాల్లో ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ ముందు చెంచుల మధ్య, తర్వాత ఆదిలాబాద్ గోండుల మధ్య పనిచేశాడు. ఆయన భార్య ఎలిజబెత్‌ సమాధి మార్లవాయి గ్రామంలో ఉంది. ఈ చరిత్ర ఏమాత్రం పాతబడలేదు. కవ్వాల్‌ను తడోబాతో కలిపే అడవిని కుమ్రం భీం పేరిట కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటిస్తూ ప్రభుత్వం 2025లో ఇచ్చిన ఉత్తర్వును, ఆదివాసుల ఆందోళన తర్వాత నిలిపివేయాల్సి వచ్చింది. పులికి దారి కావాలి, ఆదివాసికి భూమి కావాలి. రెండూ న్యాయమైన కోరికలే కావడం వల్లే సమస్య కష్టంగా ఉంది. బయటి నుంచి వచ్చే యాత్రికుడు దీనికి తీర్పు చెప్పనక్కర్లేదు, తెలియకుండా మాత్రం వెళ్ళకూడదు. అందుకే నగరంలోని రెండు రోజుల్లో ఒక పూట మాసాబ్‌ట్యాంకులోని గిరిజన మ్యూజియానికి తప్పనిసరిగా ఇవ్వాలి. చెంచుల విల్లంబులు, గోండుల వాద్యాలు, ఇంటి సామాను దగ్గరగా చూసిన కన్ను పెంట దగ్గర జీపు ఆగినప్పుడు అక్కడివారిని వింతగా చూడదు.

నగరం ఇప్పుడు ఇరుకైపోయింది, అందులో రెండు రోజులు అడవి కోసం వచ్చినవాడికి శిక్ష కాదా అని మరో మాట వినిపిస్తుంది. నైరోబీకి ఊరి పక్కనే జాతీయ పార్కు ఉంది కదా, మనకేముంది అనీ అంటారు. 1946లో ఏర్పడిన నైరోబీ జాతీయ పార్కు 117 చదరపు కిలోమీటర్లు. వెనక మేడల వరుసతో సింహం, ఖడ్గమృగం కనిపించే చోటు లోకంలో ఇంకొకటి దొరకడం కష్టం. దానితో పోటీ పడగలది మన దగ్గర లేదు. కానీ వనస్థలిపురం దగ్గరి మహావీర్ హరిణ వనస్థలిని అంత తేలిగ్గా తీసేయరాదు. నిజాముల వేట మైదానం అది, 1975లో కృష్ణజింకల కోసం కేటాయించారు. విస్తీర్ణం 3,758 ఎకరాలు. చుట్టూ కాలనీలు, పక్కనే విజయవాడ హైవే. లోపల గడ్డిబయలు మీద నల్ల వీపు, తెల్ల పొట్ట, మెలితిరిగిన కొమ్ములతో మగ జింక తల వెనక్కి వాల్చి నడుస్తూ తన నేల ఇదని చాటుతుంది. నైరోబీ పార్కుకు మూడు వైపులా కంచె, దక్షిణాన మాత్రం జంతువుల రాకపోకలకు దారి ఉంది, ఆ దారే ఇప్పుడు మూసుకుపోతోంది. పార్కు మీదుగా స్తంభాలపై కొత్త రైలు వంతెన కూడా వచ్చింది. హరిణ వనస్థలికి ఆ నాలుగో వైపు దారి కూడా లేదు. ఊరి నడుమ అడవి ఎలా బతుకుతుందన్న ప్రశ్న రెండు చోట్లా ఒకటే. సికింద్రాబాద్ నుంచి మెట్రోలో అమీర్‌పేటలో మారి ఎల్బీనగర్ చేరితే, ఒక ఉదయంలో ఆ ప్రశ్నను కళ్ళారా చూసి రావచ్చు.

లష్కర్ విషయానికి వస్తే దాన్ని నడిచే చూడాలి. గడియారపు స్తంభం దగ్గర మొదలుపెట్టి జనరల్ బజారు, మోండా మార్కెట్ మీదుగా ఉజ్జయిని మహాకాళి గుడి దాకా వెళ్ళడానికి ఒక పూట చాలు. అడవికి కావలసిన ఖాకీ, ఆకుపచ్చ, మట్టిరంగు నూలు బట్టలు జనరల్ బజారులోనే దొరుకుతాయి. స్టేషన్ ఎదుటి ఇరానీ హోటల్లో చాయ్, ఉస్మానియా బిస్కెట్ అయ్యాక బొల్లారం వైపు వెళ్ళాలి. రాష్ట్రపతి నిలయం తోటను 2023 నుంచి ఏడాది పొడవునా జనానికి తెరిచి ఉంచుతున్నారు. నరమాంసం మరిగిన పులుల కథలు రాసిన వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ 1910లో పుట్టింది ఆ బొల్లారంలోనే. తుపాకీతో మొదలై పోనుపోను అడవిని కాపాడాలని కోరుకున్న ఆ తరం మనిషిని తలుచుకోవడానికి కంటోన్మెంటు పాత చెట్ల నీడకన్నా తగిన చోటు లేదు.

కాలాన్ని బట్టి ఊరికీ అడవికీ ఇచ్చే రోజుల పాళ్ళు మారాలి. అక్టోబరు నుంచి జనవరి దాకా అడవి పచ్చగా, చల్లగా ఉంటుంది, పొదలు దట్టంగా ఉండి జంతువులు తక్కువ కనిపిస్తాయి. ఫిబ్రవరి చివర మోదుగ పూస్తుంది. ఆకు ఒక్కటీ లేని కొమ్మలకు చిలుకముక్కు లాంటి ఎర్రటి పూలు గుత్తులుగా వేలాడతాయి. మార్చి, ఏప్రిల్‌లలో ఇప్పపూలు రాలుతాయి, తెల్లవారకముందే గూడెం ఆడవాళ్ళు బుట్టలతో వచ్చి ఏరుకుంటారు, వాళ్ళకన్నా ముందే ఎలుగుబంట్లు వచ్చిపోయి ఉంటాయి. ఎండ ఓర్చుకోగలిగితే జంతువులను చూడటానికి ఏప్రిల్, మే నెలలే మేలు, అప్పటికి నీళ్ళు కొద్ది చోట్లే మిగులుతాయి. జులై నుంచి సెప్టెంబరు దాకా జంతువులు పిల్లలు పెట్టే కాలం, దారులు బురద కాబట్టి సఫారీలు ఆపేస్తారు. ఆ నెలల్లో రావలసివచ్చినవారు అడవిని పక్కనపెట్టి ఐదు రోజులూ నగరానికే ఇవ్వవచ్చు. ఆషాఢంలో ఒక ఆదివారం వచ్చే లష్కర్ బోనాల నాడు మహాకాళి గుడి వీధులన్నీ వేపమండలు, పసుపు, డప్పుల మోతతో నిండిపోతాయి. 1813లో ఉజ్జయినిలో కలరా సోకినప్పుడు అక్కడున్న ఇక్కడి దండు మనిషి సురిటి అప్పయ్య మొక్కుకొని, తిరిగొచ్చాక అమ్మవారిని నిలిపాడని చెబుతారు. బోనాల మర్నాడు జరిగే రంగంలో పచ్చి కుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పే అవివాహితను జనం ముందుగా అడిగేది ఈ ఏడు వానలెలా ఉంటాయనే. అదే వాన కోసం కవ్వాల్‌లో కడెం వాగు, అమ్రాబాద్ అడవిలోని ఫరహాబాద్‌లో ఎండిన మడుగులు ఎదురుచూస్తుంటాయి.